వెనక గదికి రంగులు

మా పిల్ల క్లాసులో నిద్రపోతోందని టీచరు మూడోసారి పిలిపించింది.

"రాత్రి ఎన్నింటికి పడుకోబెడుతున్నారమ్మా?" అని అడిగింది.

"తొమ్మిదింటికండీ" అన్నాను.

"కాదు టీచర్, బామ్మ సీరియళ్ళన్నీ అయ్యాక" అంది నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల. ఆరేళ్ళది. ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. ఎక్కడ ఏ మాట అనకూడదో సరిగ్గా అక్కడ ఆ మాటే అంటుంది.

టీచరు నవ్వలేదు. "తెలివి లేక కాదమ్మా, నిద్ర లేక. పక్కవాళ్ళు పేజీలు చదువుతుంటే ఇది ఇంకా అక్షరాల దగ్గరే ఉంది. ఇలాగే ఉంటే వచ్చే ఏడు మళ్ళీ ఇదే క్లాసులో కూర్చోబెట్టాలి" అంది.

నేను తొమ్మిదో తరగతిలో ఆగిపోయినదాన్ని. నన్నెవరూ మానెయ్యమనలేదు. అమ్మకి జ్వరమని ఒక వారం వెళ్ళలేదు, తమ్ముణ్ణి చూసుకోవాలని ఇంకో వారం. తర్వాత ఒకరోజు చూసుకుంటే నా పుస్తకాలు తమ్ముడి బొమ్మలకింద ఉన్నాయి. చదువు తాడు తెగినట్టు చప్పుడు చేసి తెగదు. అందుకే నాకు ఇలాంటి మాటలంటే అంత భయం.

మా ఇంట్లో ముందు హాలు, పక్కన అత్తయ్య గది, వంటిల్లు, వెనక ఇంకో గది. హాల్లో టీవీ, దానికి ఎదురుగా మా ముగ్గురి పరుపులు. అత్తయ్యకి చెవుడు కొంచెం, సీరియళ్ళ పిచ్చి చాలా. వెనక గది వదినది, అంటే మా ఆయన అక్కది. ఆవిడకి పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయినా ఆ గది ఆవిడదే. ఏడాదికి రెండుసార్లు వచ్చి మూడేసి రోజులు ఉంటుంది. మిగతా రోజులన్నీ అందులో కాలు ఊడిన మంచం, చెక్క బీరువా, పాత పేపర్ల కట్టలు, పాడైన కుట్టుమిషన్ హాయిగా నిద్రపోతాయి. నా పిల్ల క్లాసులో నిద్రపోతుంది.

ఆ సాయంత్రమే అడిగాను. "అత్తయ్యా, వెనక గది పిచ్చుకకి సర్దుతానండీ."

"అది మనుషులు పడుకునేలా ఉందటే?"

"బాగు చేస్తాను."

"దేంతో? మీ నాన్న మూటలు గానీ పంపాడా?"

"బట్టలు కుట్టి దాచుకున్నవి కొంచెం ఉన్నాయి. దాంట్లోనే సర్దుకుంటాను."

అత్తయ్య టీవీ మీంచి కళ్ళు తిప్పి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "సరే, చేసుకో. పదిహేనో తారీకున మీ వదిన వస్తోంది. అప్పటికి అది గదిలా ఉండి, పిల్ల అందులో పడుకుంటూ ఉంటే నేనేమన్నా లేపి బయటికి గెంటేస్తానా? లేదంటే మాత్రం దాని గది దానిదే" అంది.

ఆ మాటలో ఉచ్చు ఉందని నాకు తట్టలేదు. పంతొమ్మిది రోజులున్నాయని మాత్రం లెక్క వేసుకున్నాను.

మా ఆయన పెయింట్ల దుకాణంలో రంగులు కలిపే మిషన్ దగ్గర పని చేస్తారు. షేడ్ కార్డు మీద చూసి ముచ్చటపడ్డవాళ్ళు డబ్బా మూత తీశాక "ఇది కాదు మేం చెప్పింది" అంటారు. ఒకసారి కలిపిన రంగు విడదీయలేరు కదా. అలాంటి డబ్బాలు మూలన పడుంటాయి. పనివాళ్ళు అడిగితే యజమాని దాదాపు ఊరికే ఇచ్చేస్తాడు. వారం రోజుల్లో అలాంటివి ఐదు డబ్బాలు స్కూటరు మీద తెచ్చారు. ఒకటి ఆఫీసు గోడల బూడిద రంగు, ఒకటి ఎవరో చంటిపాప కోసం కలిపించి వద్దన్న గులాబీ, రెండు రకరకాల పచ్చలు, ఒకటి ఉత్త తెలుపు.

"వీటిని నాలుగు గోడలకి నాలుగు వేస్తే సర్కస్ డేరా అవుతుంది" అన్నాను.

"అన్నీ నీళ్ళ రంగులే. తొట్టిలో ఒక్కటిగా పోసి కలిపేద్దాం" అన్నారు.

పిచ్చుక కర్రతో తిప్పింది. కలిశాక వచ్చిన రంగుకి పేరు లేదు. తెల్లవారుజామున ఆకాశంలో చారెడు ఆకుపసరు పిండినట్టుంది. మా ఆయన వేలితో గోడకి రాసి చూసి, "దీనికి నంబరు లేదు. మళ్ళీ కావాలంటే దేవుడు దిగొచ్చి కలపాలి" అని నవ్వారు. ఇంట్లో ఆయన నవ్వడం తక్కువ. రంగు చేతిలో ఉంటే వేరే మనిషి.

పేపర్ల కట్టలు పాత సామాను కొనేవాళ్ళకి అమ్మేశాను. మంచానికి కాలు బదులు ఇటుకలు పేర్చి, దుప్పటి కిందిదాకా వేలాడేలా వేశాను. పాడైన కుట్టుమిషన్ తలకాయ ఊడదీసి, ఇనప స్టాండు మీద చెక్క పలక బిగిస్తే పిల్ల రాసుకునే బల్ల అయింది. కూర్చున్నప్పుడు కాళ్ళతో తొక్కుడు పలక ఊపుకోవచ్చు. అది పిచ్చుకకి ఎంత నచ్చిందంటే రాయడానికి కాకపోయినా ఊపడానికైనా కూర్చునేది. పాత దుప్పట్లు రెండు చింపి అంచులు మడిచి కర్టెన్లు కుట్టాను. కొన్నది మొత్తం మీద ఒక బల్బు, లప్పం పొడి, గరుకు కాగితం, కర్టెన్ కడ్డీ.

ఒక్క గోడ మాత్రం ఏడిపించింది. కిందివైపు మోకాలెత్తున నల్లటి మరక. అటుపక్క అత్తయ్య బాత్రూమ్.

మా ఆయన పాత రంగు గీకి, వేలితో తట్టి, "లోపల పైపు కారుతోందేమో. తడి ఉంటే మాత్రం నేను బ్రష్ ముట్టను. తడి గోడ మీద రంగు, తాగినోడి నోట మాట, రెండూ నిలవవు" అన్నారు. ఒక ప్లాస్టిక్ కవరు ముక్కని మరక మీద పెట్టి నాలుగు వైపులా టేపు అంటించారు. "రేపు సాయంత్రం నేనొచ్చేలోగా విప్పి చూడు. లోపలివైపు నీటి చుక్కలుంటే గోడ తడిదన్నట్టు. పొడిగా ఉంటే లప్పం పెట్టేస్తాను."

మర్నాడు నాలుగింటికి విప్పాను. ప్లాస్టిక్ లోపలివైపు ఆవగింజలంత చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి.

నిజం చెబితే అత్తయ్య బాత్రూమ్ పగలగొట్టాలి. ఆవిడ పగలగొట్టనివ్వదు. ఇచ్చినా, బాగుచేసి, గోడ ఆరి, రంగు వేసేసరికి నెలన్నర. పదిహేనో తారీకు తొమ్మిది రోజుల్లో ఉంది. వంటింటి గుడ్డ తెచ్చి ప్లాస్టిక్ తుడిచాను. ఎండాకాలం వస్తే అదే ఆరుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మంచం ఎదురుగోడకి వేశాను కదా అని కూడా చెప్పుకున్నాను.

"ఏమైంది?" అన్నారు మా ఆయన రాగానే.

"పొడిగానే ఉంది."

ఆయన ప్లాస్టిక్ ముక్క వెలుతురులో పట్టుకుని చూసి పక్కన పడేశారు. రంగుల విషయంలో ఆయన యజమానినే నమ్మరు. నన్ను నమ్మారు.

పన్నెండో తారీకుకి గది అయిపోయింది. ఆ గోడకి అడ్డంగా పాత చెక్క బీరువా జరిపించాను. పిచ్చుక ఆ రాత్రి తొమ్మిది కాకుండానే నిద్రపోయింది. నేను తలుపు సందులోంచి నాలుగుసార్లు చూశాను. మూడో రోజు బడినుంచి వస్తూ చెయ్యి చాపింది. అరచేతిలో టీచరు ఎర్ర పెన్నుతో వేసిన చుక్క. "ఇవాళ నేను నిద్రపోలేదు, పక్కవాడు పోయాడు" అంది గొప్పగా.

మర్నాడు వదిన వచ్చింది. ఒక్కతే కాదు, వెంట కూతురు. రెండు పెద్ద పెట్టెలు, ఒక పరుపుచుట్ట, టేబుల్ లైటు. మూడు రోజులకి పరుపుచుట్ట ఎందుకో అప్పుడే అర్థం కావాల్సింది.

వదిన గది గుమ్మంలో ఆగిపోయింది. "అమ్మా! నా గదికి ఇంత కళ ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

"నీ కూతురికి ఇక్కడి కాలేజీలో సీటొచ్చిందని నువ్వు చెప్పిన రోజునే అనుకున్నాను. చదువుకునే పిల్ల, మంచి గది ఉండొద్దూ? అందుకే చేయించాను" అంది అత్తయ్య. చేయించిందట.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి, గోడ అంచున ఎండిపోయిన రంగు చుక్కని గోటితో గీకుతున్నారు.

"అత్తయ్యా, పిచ్చుక పడుకుంటోంది కదండీ ఇందులో. మీరే అన్నారు..."

"అన్నాను, కాదన్నానా? ఇప్పుడు ఇదొచ్చింది. ఆరేళ్ళ పిల్లకి గదేమిటే, ఎక్కడ పడేస్తే అక్కడ నిద్రపోతుంది. పెద్ద పిల్ల, రేపు ఉద్యోగం చేసే పిల్ల."

"ఊరికే వద్దులేవే, కరెంటుకి నెలనెలా పంపిస్తాను" అంది వదిన. ఆవిడ చెడ్డది కాదు. అడక్కుండానే అన్నీ అమిరిన మనిషి, అంతే.

కూతురు మాత్రం మొహమాటంగా నిలబడింది. "అత్తా, పిచ్చుకని నా పక్కన పడుకోబెట్టుకుంటాలే. మంచం పెద్దదేగా."

"వదినా, నువ్వు గురక పెడతావా?" అంది పిచ్చుక వెంటనే. మేనత్త కూతురు దానికి వదిన వరస.

"ఈ ఇంట్లో తల్లికో వదిన, పిల్లకో వదిన" అని మా ఆయన నవ్వించబోయారు. నేను నవ్వలేదు.

పక్క దులుపుతుంటే కాలేజీ పిల్ల పెట్టెలోంచి ఒక ఫైలు తీసింది. ప్లాస్టిక్ కవర్లలో వరసగా సర్టిఫికెట్లు. "ఇవి పోతే నేను పోయినట్టే అత్తా" అని నవ్వుతూ బీరువా తలుపు తీసి, అన్నిటికంటే కింది అరలో, వెనక పలకకి ఆనించి నిలబెట్టింది.

ఆ అరలో వద్దమ్మా అన్న మాట నా నాలుక దాకా వచ్చింది. ఎందుకని అడుగుతుంది. అడిగితే గోడ సంగతి చెప్పాలి, గోడ సంగతి చెబితే ప్లాస్టిక్ ముక్క సంగతి చెప్పాలి. చెప్పకపోవడానికి సగం కారణం ఆ భయం. మిగతా సగం భయం కాదు. ఆ సగం గురించి ఎవరికీ చెప్పుకోలేను. తలగడ గలీబు మార్చి బయటికొచ్చేశాను.

పిచ్చుక పరుపు మళ్ళీ టీవీ ముందుకి వచ్చింది.

కాలేజీ పిల్ల రోజూ సాయంత్రం పిచ్చుకని బల్ల ముందు కూర్చోబెట్టి చదివించేది. పక్కింటి కుక్క గురించి, మామయ్య బట్టతల గురించి తనే చిన్న చిన్న వాక్యాలు రాసిచ్చేది. పిల్ల వాటిని కూడబలుక్కుని చదివి కిందపడి దొర్లి నవ్వేది. "ఇవాళ ఇక్కడే పడుకోనీ అత్తా, నిద్ర కళ్ళలోకి వచ్చేసింది" అని ఆ అమ్మాయి ఎన్నిసార్లు అడిగిందో. ప్రతిసారీ వద్దన్నాను. పిచ్చుక ఏడ్చింది. నాలుగు తగిలించి మరీ హాల్లోకి లాక్కొచ్చాను. పొగరనుకున్నారు అందరూ. "ఇస్తే గది మొత్తం ఇవ్వాలి, లేకపోతే వద్దు, అదీ దీని రోషం" అంది అత్తయ్య.

రోషం కాదు. అప్పటికి రెండు వారాలుగా వానలు. గదిలోకి అడుగు పెట్టగానే బూజు వాసన ముక్కుకి తగిలేది.

"అత్తా, తడి బట్టలు మూట కట్టి పెట్టినట్టు వాసన రావట్లేదూ?" అందొకసారి ఆ అమ్మాయి.

"వానాకాలం కదమ్మా. కిటికీ తెరిచి పెట్టుకో" అన్నాను.

నా పిల్లని మాత్రం పంపలేదు.

నాలుగో వారంలో కాలేజీవాళ్ళు అసలు సర్టిఫికెట్లు తెచ్చి చూపించమన్నారు. ఆ ఉదయం నేను వంటింట్లో ఉన్నాను. గదిలోంచి అరుపు వినిపించలేదు. "అమ్మమ్మా" అని చిన్న గొంతు వినిపించింది, అంతే. దానికే అందరం పరిగెత్తాం.

ఫైలు మంచం మీద తెరిచి ఉంది. మార్కుల కాగితాలు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి, లాగితే అక్షరాలు ప్లాస్టిక్ మీదే మిగిలిపోతున్నాయి. చుట్టూ నల్లటి చుక్కలు. ముద్ర ఉండాల్సిన చోట నీలం మచ్చ. మా ఆయన బీరువా ముందుకి లాగారు. వెనక పలక మెత్తబడి ఉబ్బింది. గోడ మీద మేం అంత ముచ్చటగా కలిపిన రంగు బొబ్బలెక్కి, పొరలు పొరలుగా వేలాడుతోంది.

"మూలన పడేసిన డబ్బాలు తెచ్చి పూస్తే ఇలాగే ఏడుస్తుంది" అంది అత్తయ్య కొడుకుతో.

ఆయన మొహం ఎర్రబడింది. తల్లి ఏమన్నా పడే మనిషి, పని మీద మాట పడలేకపోయారు. "రంగుది కాదమ్మా తప్పు. నేను ప్లాస్టిక్ పెట్టి చూసే వేశాను. గోడ పొడిగా ఉంది. అడుగు, ఇదే విప్పి చూసింది."

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడైనా అబద్ధం ఆడొచ్చు, పైపు తర్వాత పగిలిందేమో అనొచ్చు. కానీ ఆ అమ్మాయి చేతిలో పేరు చెరిగిపోయిన కాగితం ఉంది.

"తడిగానే ఉంది. తుడిచేశాను" అన్నాను.

అత్తయ్య మొదలుపెట్టింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానంది, కడుపులో ఇంత విషం పెట్టుకుని ఇన్నాళ్ళు తమ ఉప్పు తిన్నానంది. ఫోన్లో వదిన గొంతు హాలంతా వినిపించింది. "నీకూ ఆడపిల్ల ఉంది కదే!" అని ఒకటే మాట నాలుగుసార్లు అంది. ఇవన్నీ తట్టుకున్నాను. ఇలాంటివి తట్టుకోవడం నాకు అలవాటే.

కాలేజీ పిల్ల ఏడవలేదు. నన్నే చూస్తూ అడిగింది. "అందుకేనా అత్తా, పిచ్చుకని నా దగ్గరికి పంపలేదు?"



మధ్యాహ్నం వదిన వచ్చి కూతుర్ని తీసుకెళ్ళింది. నకళ్ళు తెచ్చుకోవడానికి కాలేజీవాళ్ళు నెల గడువిచ్చారట. అవి ఆలోగా వస్తాయో రావో ఎవరూ చెప్పలేకపోయారు. వస్తే హాస్టల్లో ఉంటుంది, ఈ గుమ్మం తొక్కదు. వెళ్తూ పిచ్చుక బల్ల మీద ఏదో కాగితం పెట్టింది. వాక్యాలు. నేను చదవలేదు.

టాక్సీ మలుపు తిరగ్గానే అత్తయ్య లోపలికొచ్చి సోఫాలో కూర్చుంది. "ఇక తీసుకో. నీ గది నీకే."

"పైపు బాగు చేయిస్తే..." అన్నాను.

"నా బాత్రూమ్ పగలగొడతావా? మొన్న నీ పిల్లకి పనికొచ్చిన గది, ఇవాళ పనికిరాకుండా పోయిందా? అప్పుడూ ఇదే గోడేగా?" అంది.

ఆవిడ అన్నవాటిలో అదొక్కటీ నిజం.

సాయంత్రం మా ఆయన గదిలో కూర్చుని గోడ గీకుతున్నారు. రేకు బ్లేడు పెట్టి తోస్తే రంగు అరచేయంత పెళ్ళలుగా ఊడి పడుతోంది. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"నాకైనా చెప్పాల్సింది" అన్నారు, నా వైపు చూడకుండా.

"చెబితే ఏం చేసేవారు?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "ఆరేదాకా ఆగమనేవాణ్ణి."

"ఆలోగా మీ అక్క వచ్చేది."

"వచ్చేది."

"అప్పుడు గది?"

"వాళ్ళకే ఇచ్చేవాళ్ళం" అన్నారు. సిగ్గుపడుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. ఇంకో పెళ్ళ ఊడగొట్టారు.

పిచ్చుక దిండు చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, బామ్మ చెప్పింది, గది మనదేనంట. నేను ఇక్కడ పడుకోనా?"

"వద్దు. గోడ తడిగా ఉంది."

"ఎప్పట్నుంచి?"

మా ఆయన చేతిలో బ్లేడు ఆగింది.

"మొదట్నుంచీ" అని, దాని దిండు తీసుకుని హాల్లోకి నడిచాను.